మాస్కు ఎక్కడ పెట్టుకున్నాం, ఎక్కడ తీసేశాం

2020 మార్చి 12న మన రాష్ట్రంలో తొలి కరోనా కేసు నెల్లూరులో బయటపడింది. ఇటలీ నుంచి వచ్చిన ఒక యువకుడికి వ్యాధి సోకినట్లు నిర్ధారణ అయిందన్న వార్త టీవీలో వచ్చిన గంటలోపే కందుకూరులోని మా మందుల షాపు ముందు జనం చేరారు. అందరికీ కావలసింది ఒక్కటే, మాస్కు. అప్పటిదాకా మా షాపులో అది ఏడాదికి నాలుగైదు పెట్టెలకు మించి కదలని సరుకు. పళ్ల డాక్టరు గారి దగ్గర పనిచేసే అబ్బాయి, ఇంటికి సున్నం వేయించేవాళ్లు, ధాన్యం తూర్పారబట్టే రోజుల్లో ఉబ్బసం ఉన్న రైతులు తప్ప దాన్ని అడిగేవారు లేరు. ఉన్న రెండు పెట్టెలూ, అంటే యాభై చొప్పున వంద మాస్కులు, ఆ సాయంత్రానికే అయిపోయాయి. ఒంగోలులోని స్టాకిస్టుకు ఫోను చేస్తే, తనకే నాలుగు రోజులుగా సరుకు రావడం లేదని, వచ్చినా పాత ధరకు రాదని చెప్పి పెట్టేశాడు.

మరునాడు ఒక అట్టముక్క మీద "మాస్కులు లేవు" అని రాసి కౌంటరు మీద వేలాడదీశాను. అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. అడిగిన ప్రతివారికీ ఇంకొక మాట కూడా చెప్పసాగాను: జలుబు, దగ్గు లేని మనిషికి మాస్కుతో ఉపయోగం లేదని, రోగులూ వారికి సేవ చేసేవారూ పెట్టుకుంటే చాలని. ఆ మాట నేను కల్పించింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పుడు అదే చెబుతోంది, మన ప్రభుత్వాలూ అదే చెబుతున్నాయి, పత్రికలలోనూ అదే వస్తోంది. పైగా సరుకు లేని దుకాణదారుకు అంతకంటే అనుకూలమైన మాట ఏముంటుంది?

మూడు వారాలు గడిచాయి. ఏప్రిల్ మొదటి వారంలో కేంద్ర ఆరోగ్య శాఖ, ఇంట్లో కుట్టుకున్న గుడ్డ మాస్కు అయినా సరే, బయటికి వచ్చే ప్రతివారూ ముక్కూ నోరూ కప్పుకోవాలని సూచించింది. అదే నెల 15న వచ్చిన కేంద్ర హోం శాఖ మార్గదర్శకాలలో బహిరంగ ప్రదేశాల్లో మాస్కు తప్పనిసరి అయింది. నేను అట్టముక్క తీసేసి "మాస్కు లేనిదే మందులు ఇవ్వబడవు" అని ఇంకొకటి రాశాను. బి.పి. మాత్రల కోసం ప్రతి నెలా వచ్చే ఒక పెద్దాయన, రిటైరైన హెడ్మాస్టరు గారు, ఆ అట్టను రెండుసార్లు చదివి నాతో అన్నారు: "అబ్బయ్యా, పోయిన నెల ఉపయోగం లేదన్నావు. ఈ నెల పెట్టుకోకపోతే మందులే ఇవ్వనంటున్నావు. ఈ ఇరవై రోజుల్లో మాస్కు మారిందా, రోగం మారిందా, లేకపోతే నీకు సరుకు వచ్చిందా?"

ఆయన ఎగతాళికి అనలేదు. నాకు జవాబు తోచలేదు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు; ఈ నాలుగు మాటలూ రాయడం అందుకే. మహమ్మారి వచ్చినప్పుడు మామూలు జనం మాస్కు పెట్టుకోవాలా వద్దా అని ఈనాటికీ ఇళ్లలో, టీ దుకాణాల దగ్గర వాదన జరుగుతూనే ఉంది. పెట్టుకోవాలనే నా అభిప్రాయం. అయితే మనం పెట్టుకున్న తీరు చాలావరకు తలకిందులుగా ఉందన్నది నేను కౌంటరు వెనక నిలబడి రెండేళ్లపాటు చూసిన సంగతి.

ముందు హెడ్మాస్టరు గారి ప్రశ్న తేల్చాలి. "సరుకు లేదు" అన్నది ఒక మాట. "ఉపయోగం లేదు" అన్నది వేరొక మాట. ఆ మార్చిలో ప్రపంచమంతా ఈ రెండింటినీ ఒకే సంచిలో వేసింది. జనం ఎగబడి కొంటే వైద్యులకు, నర్సులకు మాస్కులు దక్కవన్న భయం నిజమైనదే. మన కేంద్ర ప్రభుత్వం మార్చి 13న మాస్కులను, శానిటైజర్లను నిత్యావసర సరుకుల చట్టం కిందికి తెచ్చింది. 21న రెండు పొరల మాస్కు 8 రూపాయలకు, మూడు పొరల మాస్కు 10 రూపాయలకు మించి అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ ధరకు అమ్ముకోగలిగేలా మాకు సరఫరా చేసే మనిషి అప్పట్లో దొరకలేదన్నది వేరే కథ. ఉన్న కొద్ది సరుకూ ఆసుపత్రులకు వదిలేయండి, మీరు గుడ్డ కట్టుకోండి అని ఆ రోజే చెప్పి ఉంటే జనం అర్థం చేసుకునేవారని నా నమ్మకం. అలా చెప్పకుండా, మీ ముక్కుకు అది పనిచేయదన్నట్లు చెప్పారు. డాక్టరు ముక్కుకు పనిచేసేది నా ముక్కుకు ఎందుకు పనిచేయదని హెడ్మాస్టరు గారి వంటి మనిషి అడగకుండా ఎలా ఉంటాడు?

న్యాయంగా చెప్పాలంటే, పూర్తిగా అబద్ధమాడారని కూడా నేను అనను. అప్పటి వైద్యుల ఆలోచనలో నిజంగానే రెండు పొరపాట్లు ఉన్నాయి. ఒకటి, ఈ వైరస్ దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు వచ్చే తుంపరలలోనే ఉంటుందని, ఆ తుంపరలు మూడు నాలుగు అడుగుల దూరంలోనే నేల రాలిపోతాయని అనుకోవడం. మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ "ఇది గాలి ద్వారా వ్యాపించే వ్యాధి కాదు" అని ప్రత్యేకంగా ప్రకటించింది కూడా. అందుకే మనం కూరగాయలను ఉప్పునీళ్లలో కడుక్కుంటూ, పాల ప్యాకెట్లను తుడుచుకుంటూ కూర్చున్నాం, కిటికీలు మాత్రం తీయలేదు. రెండోది, దగ్గు, జ్వరం ఉన్నవారే వ్యాధిని అంటిస్తారని అనుకోవడం. లక్షణాలు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందే మనిషి ఇతరులకు అంటించగలడని, అసలు లక్షణాలే లేనివారు కూడా అంటించగలరని తేలిన తరువాత, "దగ్గేవాళ్లే పెట్టుకుంటే చాలు" అన్న సూత్రానికి అర్థం పోయింది. ఎవరి దగ్గర వ్యాధి ఉందో ఎవరికీ తెలియనప్పుడు అందరూ పెట్టుకోవడం తప్ప దారి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ సంగతి ఒప్పుకుని, వ్యాప్తి ఎక్కువగా ఉండి దూరం పాటించడం కుదరని చోట్ల మామూలు జనం కూడా గుడ్డ మాస్కు కట్టుకోవాలని చెప్పేసరికి జూన్ 5 వచ్చింది. "గాలి ద్వారా" అన్న మాటను సూటిగా వాడడానికి దానికి 2021 చివరిదాకా పట్టింది.

కాబట్టి మాస్కూ మారలేదు, రోగమూ మారలేదు, రోగం గురించి మనకు తెలిసింది మారింది. హెడ్మాస్టరు గారికి ఆ రోజే ఈ మాట చెప్పగలిగి ఉంటే బాగుండేది. అయితే నాకు సరుకు వచ్చిన మాట కూడా నిజమే కాబట్టి, చెప్పినా ఆయన నమ్మేవారో లేదో.

మాస్కు ఎలా పనిచేస్తుందన్నది మా ప్రాంతం వాళ్లకు కొత్తగా నేర్పనక్కరలేని విషయమని నాకు తరువాత తోచింది. కందుకూరు చుట్టుపక్కల పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్లే ఆడవాళ్లు తరతరాలుగా ముక్కుకూ మూతికీ గుడ్డ బిగించి కట్టుకునే పని చేస్తున్నారు. వాళ్లలో ఒకామెను, ఆ గుడ్డ ఆపుతుందా అని అడిగితే, "దుమ్ము ఆగుద్దయ్యా, ఘాటు ఆగదు" అని చెప్పింది. ఒక గుడ్డ పొర గురించి అంతకంటే ఖచ్చితమైన వివరణను నేను ఏ డాక్టరు నోటా వినలేదు. పెద్ద రేణువులు ఆగుతాయి, సన్నవి చాలావరకు దూరిపోతాయి. అదే చీమకుర్తి గ్రానైటు క్వారీల వైపు వెళితే, అక్కడి రాతి ధూళిలోని సిలికా మరీ సన్నటిది. ఊపిరితిత్తుల లోతుకు చేరి అక్కడే ఉండిపోయి, ఏళ్ల తరబడి పీల్చినవారిని సిలికోసిస్ పాలు చేస్తుంది. తువ్వాలు చుట్టుకుంటే దాన్ని తప్పించుకోలేమని, ముఖానికి అంటుకుని ఉండే అసలైన రక్షణ మాస్కు కావాలని ఆ పని తెలిసినవాళ్లు చెబుతారు. తువ్వాలుకూ రక్షణ మాస్కుకూ మధ్య ఇంత తేడా ఉందని తెలిసిన ప్రాంతంలో, కరోనా కాలంలో మాత్రం "మాస్కు" అన్న ఒకే పేరు కింద జేబురుమాలు, పైటచెంగు, మూడు పొరల మాస్కు, ఎన్-95 అన్నిటినీ కలిపేసి, అది పనిచేస్తుందా లేదా అని కొట్లాడుకున్నాం.

మాస్కు వద్దనేవారు తరచుగా చెప్పే మాట ఒకటుంది: వైరస్ గుడ్డలోని కంతల కంటే ఎన్నో రెట్లు చిన్నది, దోమతెర కట్టి ఇసుక రేణువును ఆపగలమా అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మాస్కు పిండి జల్లెడలా పనిచేయదు. వైరస్ ఒంటరిగా ఎగురుతూ రాదు. ఊపిరితో, మాటతో బయటికి వచ్చే తేమ తుంపరలలో ఉంటుంది. ఆ తుంపరలు పెద్దవైతే పీచుకు తగిలి అక్కడే అతుక్కుంటాయి; మరీ చిన్నవైతే గాలి కణాల దెబ్బకు నిలకడ లేకుండా అటూ ఇటూ గింజుకుంటూ పోయి ఏదో ఒక పీచుకు తగులుకుంటాయి. ఈ రెంటికీ నడిమి పరిమాణంలో ఉన్నవి, సుమారు 0.3 మైక్రాన్లవి, పట్టుబడడం అన్నిటికంటే కష్టం. ఎన్-95 అన్న పేరులోని 95 అంకె ఆ కష్టమైన పరిమాణంలోని వాటినే నూటికి కనీసం 95 ఆపాలన్న పరీక్ష నుంచి వచ్చింది. దానిలోని పీచుకు విద్యుదావేశం ఎక్కించి ఉంటుంది. తలకు రుద్దిన ప్లాస్టిక్ దువ్వెన కాగితం ముక్కలను లాక్కున్నట్లే అది రేణువులను లాక్కుంటుంది. ఎన్-95ను సబ్బు పెట్టి ఉతికి దండెం మీద ఆరేసి మళ్లీ పెట్టుకున్నవారిని నేను ఎందరినో చూశాను. ఉతికితే ఆ ఆవేశం పోతుంది, చూడడానికి మాస్కులాగే ఉంటుంది. చెంపల పక్కన సందు వదిలి పెట్టుకున్నా అంతే. గాలి గుడ్డలోంచి పోదు, సందులోంచి పోతుంది.

వాల్వు ఉన్న ఎన్-95 సంగతి ఇంకా విచిత్రం. ముందు భాగాన గుండ్రటి బిళ్ల ఉన్నది ఖరీదైనది కాబట్టి మంచిదని జనం దాన్నే అడిగి కొనేవారు. లోపలికి పీల్చేటప్పుడు ఆ బిళ్ల మూసుకుంటుంది కాబట్టి గాలి మాస్కులోంచే వడకట్టుకుని వస్తుంది, బయటికి వదిలేటప్పుడు మాత్రం తెరుచుకుని గాలిని వడకట్టకుండా తోసేస్తుంది. పెట్టుకున్నవాడికి ఉన్నంత రక్షణ ఎదుటివాడికి లేదు. 2020 జులైలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఇవి వాడవద్దని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ తరువాత కూడా వాటి అమ్మకం తగ్గలేదు. నేను చెప్పి చూశాను. "బాగున్నది ఇవ్వమంటే మామూలుది అంటగడుతున్నావు" అన్నారు.

ఈ వాదన కరోనాతో పుట్టింది కాదు. 1910, 1911 సంవత్సరాలలో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చినప్పుడు, మలయాలోని పెనాంగ్‌లో పుట్టిన వూ లియెన్-టే అనే యువ వైద్యుణ్ణి చైనా ప్రభుత్వం అక్కడికి పంపింది. ప్లేగు అంటే ఎలుకలు, వాటి ఒంటి మీద ఉండి రక్తం పీల్చే పురుగుల ద్వారా వచ్చేదేనన్నది అప్పటి శాస్త్రం. ఆయన శవాన్ని పరీక్షించి, ఈ రకం మనిషి ఊపిరి నుంచి మనిషికి గాలి ద్వారా అంటుతోందని గుర్తించి, దూది నడుమ పెట్టిన గాజుగుడ్డను పొరలుగా మడిచి ముఖానికి కట్టుకునే మాస్కును తయారుచేసి, వైద్యులూ సిబ్బందీ జనమూ అందరూ కట్టుకోవాలన్నారు. అక్కడికి వచ్చిన మెనీ అనే పేరున్న ఫ్రెంచి వైద్యుడు ఒక చైనా కుర్రవాడి మాట వినేదేమిటని మాస్కు లేకుండానే రోగులను చూశాడు, కొద్ది రోజులకే ఆ ప్లేగుతోనే చనిపోయాడు. అంతకుముందు నవ్వినవారు ఆ తరువాత మాస్కులు కట్టుకున్నారు. ఎనిమిదేళ్లకు, స్పానిష్ ఫ్లూ కాలంలో, అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో మాస్కు తప్పనిసరి చేస్తే, 1919 జనవరిలో దానికి వ్యతిరేకంగా సంఘమే ఏర్పడింది. మనిషి ముఖం మీద గుడ్డ వేయమనడం దేశకాలాలతో పనిలేకుండా చిరాకు తెప్పించే పనే అన్నమాట.

ఇక, నిజంగా లెక్క తీస్తే మాస్కు ఎంత మేలు చేసింది? ఇక్కడ మాస్కు వైపు వాళ్లూ ఎదురు వైపు వాళ్లూ తమకు నచ్చిన పరిశోధనను మాత్రమే చూపిస్తారు కాబట్టి, నాకు అర్థమైనంతలో చెబుతాను. డెన్మార్క్‌లో 2020 ఏప్రిల్, మే నెలల్లో సుమారు 6,000 మందితో జరిగిన అధ్యయనంలో, సగం మందికి మాస్కులిచ్చి ఇంటి బయట పెట్టుకోమన్నారు, సగం మందికి చెప్పలేదు. నెల తరువాత చూస్తే పెట్టుకోమన్నవారిలో 1.8 శాతానికి, రెండో వర్గంలో 2.1 శాతానికి వ్యాధి సోకింది. ఈ తేడా యాదృచ్ఛికం కావచ్చునన్నారు. మాస్కు దండగ అనేవారికి ఇది ఆయుధమైంది. కానీ అందులో చెప్పినట్లు పూర్తిగా పెట్టుకున్నది సగం కంటే తక్కువ మంది. పైగా చుట్టూ ఉన్న జనం మాస్కు లేకుండానే తిరుగుతున్నారు, అధ్యయనం చూసింది పెట్టుకున్నవాడికి దక్కిన రక్షణను మాత్రమే. అతడి నుంచి ఇతరులకు తగ్గిన ప్రమాదం ఆ లెక్కలోకి రానేలేదు.

మన పరిస్థితికి దగ్గరైనది బంగ్లాదేశ్ అధ్యయనం. 2020 నవంబరు నుంచి 2021 ఏప్రిల్ దాకా 600 గ్రామాలలో, 3,40,000 మందికి పైగా పెద్దలతో అది జరిగింది. సగం గ్రామాలలో ఇంటింటికీ మాస్కులు ఉచితంగా పంచి, సంతలో, మసీదు దగ్గర గుర్తు చేసే మనుషులను నిలబెట్టి, ఊరి పెద్దల చేత చెప్పించారు. అంత చేస్తే మాస్కు సరిగ్గా పెట్టుకునేవారు నూటికి 13 నుంచి 42కు పెరిగారు. లక్షణాలతో వచ్చి, రక్తపరీక్షలో నిర్ధారణ అయిన జబ్బు సుమారు 9 శాతం తగ్గింది. సర్జికల్ మాస్కులు పంచిన గ్రామాలలో తగ్గుదల 11 శాతం, అక్కడ అరవై దాటినవారిలో 35 శాతం. గుడ్డ మాస్కులు పంచిన గ్రామాలలో మాత్రం స్పష్టమైన ఫలితం కనబడలేదు. ఈ లెక్కలను కొందరు గణాంక నిపుణులు ప్రశ్నించారు, ఆ ప్రశ్నలలోనూ పస ఉంది. ఏమైనా నాకు ఇందులో ముఖ్యంగా కనిపించింది 42 అన్న అంకె. అన్ని విధాలా ప్రయత్నిస్తే కూడా నూటికి 58 మంది సరిగ్గా పెట్టుకోలేదు. అంటే ఈ అధ్యయనాలు కొలుస్తున్నది "మాస్కు పెట్టుకోమని చెప్పడం" వల్ల వచ్చిన ఫలితాన్ని. నా వృత్తిలో ఇది రోజూ చూసేదే: డాక్టరు ఐదు రోజులు వాడమని యాంటీబయాటిక్ రాస్తారు, రెండో రోజుకు జ్వరం తగ్గగానే మానేసి మిగిలిన మాత్రలు వెనక్కి తీసుకోమని వస్తారు. అందరి చీటీలూ లెక్కపెట్టి, ఇంతమందికి రాస్తే ఇంతమందికే తగ్గింది కాబట్టి మందు మంచిది కాదని తేల్చడం ఎలాంటిదో, ఇదీ అలాంటిదే.

వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూకం వేసే కోక్రేన్ అనే సంస్థ 2023 జనవరిలో ఇచ్చిన సమీక్షను కూడా ఇలాగే చదవాలి. జనంలో మాస్కులు వాడించడం వల్ల పెద్ద తేడా కనబడలేదని అందులో ఉంది. "మాస్కులు పనిచేయవని తేలిపోయింది" అని వాట్సాప్‌లో అది ఊరూరా తిరిగింది. అలా అర్థం తీయడం తప్పని, తేల్చి చెప్పలేకపోయామనే దాని అర్థమని ఆ సంస్థ ప్రధాన సంపాదకురాలే మార్చిలో ప్రకటన ఇచ్చారు. ఆ ప్రకటన మా ఊరి వాట్సాప్ గ్రూపుల దాకా రాలేదు.

నన్ను ఈ పెద్ద లెక్కల కంటే ఎక్కువగా ఆలోచింపజేసినవి రెండు గదుల కథలు. రెండూ అమెరికావే. 2020 మార్చి 10న వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక బృందగాన సాధనకు 61 మంది వచ్చారు. వారిలో ఒకరికి జలుబు లక్షణాలు ఉన్నాయి. రెండున్నర గంటలు తలుపులు వేసుకుని పాడారు. 53 మందికి జబ్బు వచ్చింది, ఇద్దరు చనిపోయారు. మే నెలలో మిస్సోరీ రాష్ట్రంలోని ఒక సెలూన్‌లో జుట్టు కత్తిరించే ఇద్దరికి కరోనా ఉండి, అది తెలియక ముందు 139 మందికి పనిచేశారు, ఒక్కొక్కరికీ అడుగు దూరంలో నిలబడి. చేసేవారూ చేయించుకునేవారూ మాస్కు పెట్టుకున్నారు. ఆ 139 మందిలో ఒక్కరికీ లక్షణాలు రాలేదు, పరీక్ష చేయించుకున్న 67 మందికీ లేదనే వచ్చింది. రెండు ఘటనలతో శాస్త్రం తేలదని నాకు తెలుసు. కానీ రెండింటిలోనూ ఉన్నది గది. ఆ గదిలో కలిసి పీల్చిన గాలి. మనం మాస్కు గురించి ఆలోచించవలసింది అక్కడ.

మనం ఎక్కడ ఆలోచించామో చూడండి. 2020 జూన్ 27న నెల్లూరులోని ఒక కార్యాలయ గదిలో, మాస్కు పెట్టుకోమని అడిగినందుకు కాంట్రాక్టు ఉద్యోగిని ఒకామెను, అందులోనూ వైకల్యం ఉన్న మనిషిని, పై అధికారి విచక్షణారహితంగా కొట్టాడు. ఆ సీసీటీవీ దృశ్యాలు దేశమంతా చూసింది, అతణ్ణి అరెస్టు చేశారు. సరిగ్గా మూడు వారాలకు, జులై 18న, అప్పుడు ప్రకాశం జిల్లాలోనే ఉన్న చీరాలలో, మోటారు సైకిలు మీద వెళుతున్న ఇద్దరు యువకులను మాస్కు లేదని పోలీసులు ఆపారు. వారిలో ఒకరు తలకు తగిలిన గాయంతో నాలుగు రోజుల తరువాత చనిపోయాడు. పోలీసులు కొట్టారని కుటుంబం, జీపులోంచి దూకాడని పోలీసులు చెప్పారు. ఎస్సైని సస్పెండ్ చేశారు. ఈ రెండు ఘటనలూ పక్కపక్కన పెట్టి చూసిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. మాస్కు అత్యవసరమైన చోట, నలుగురు మూసిన గదిలో కూర్చునే చోట, అడిగిన మనిషికి దెబ్బలు. దాని అవసరం దాదాపు లేని చోట, ఎదురుగాలిలో బండి మీద పోతున్న కుర్రవాళ్ల మీద, ప్రభుత్వ అధికారం. 

మా ఊళ్లోనూ చిన్న స్థాయిలో జరిగింది ఇదే. సెంటరులో పోలీసులు కనబడగానే మాస్కు పైకి వచ్చేది, సెంటరు దాటగానే గడ్డం కిందికి జారేది. వంద రూపాయల జరిమానా కోసం పెట్టుకున్న మాస్కు బస్సు ఎక్కగానే జేబులోకి పోయేది. మా కౌంటరు దగ్గరికి వచ్చినవారు మాట్లాడే ముందు మర్యాద కోసం మాస్కు కిందికి దించి, మందు పేరు చెప్పి, మళ్లీ పైకి లాక్కునేవారు. తుంపరలు వచ్చేది మాట్లాడేటప్పుడేనని నేను చెబితే, "వినబడదేమోనని అన్నా" అనేవారు. 2021 ఏప్రిల్‌లో మా బంధువుల పెళ్లి ఏసీ కల్యాణ మండపంలో జరిగింది. గుమ్మంలో శానిటైజరు చల్లి, నుదుటి మీద థర్మామీటరు చూపించి, తలా ఒక మాస్కు ఇచ్చారు. లోపలికి పోయాక ఫొటోల కోసం తీశారు, భోజనాలకు తీశారు, ఎటూ తీశాం కదా అని మళ్లీ పెట్టుకోలేదు. పది రోజులలో ఆ పెళ్లికి వచ్చినవారిలో సగం ఇళ్లలో జ్వరాలు. అమ్మాయి వైపు ఒక పెద్దావిడ దక్కలేదు. మే నెలలో ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య గారి మందు కోసం వేలమంది చేరినప్పుడు, వారిలో రోగులూ ఉన్నారు, రోగం రాకుండా ఉండాలని వచ్చినవారూ ఉన్నారు. ఒకరి భుజం ఒకరికి తగులుతూ నిలబడ్డారు. ఆరుబయటే అయినా అది మాస్కు కావలసిన ఆరుబయలు. జనం పోటెత్తడంతో 21న పంపిణీ ఆపవలసి వచ్చింది. మందు సంగతి నేనిక్కడ మాట్లాడను.

ఇతరులను తప్పుపడుతున్న నా సంగతి చెప్పకపోతే అన్యాయం. మొదటి లాక్‌డౌను నుంచి పద్నాలుగు నెలలు రోజుకు రెండు వందల మందికి తక్కువ కాకుండా మందులిచ్చాను. వారిలో జ్వరం మాత్రల కోసం వచ్చినవారే సగం. కౌంటరు దగ్గర మాస్కు ఎన్నడూ తీయలేదు, జబ్బు రాలేదు. 2021 మేలో వచ్చింది. మధ్యాహ్నం పూట షాపు వెనక ఉన్న మందుల గదిలో, పిల్లి దూరుతుందని తలుపు వేసుకుని, నేనూ మా షాపులో పనిచేసే అబ్బాయీ ఎదురెదురుగా కూర్చుని అన్నం తినేవాళ్లం. మాస్కులు గోడ మేకుకు తగిలించి ఉండేవి. ఒక రోజు అన్నం రుచి తెలియడం లేదని అతనన్నాడు. వంకాయ కూరలో ఉప్పు మరిచారేమోనని నేనన్నాను. మూడో రోజుకు ఇద్దరమూ మంచాన పడ్డాం. నాకు ఎక్కడ అంటిందో ఒట్టు పెట్టి చెప్పలేను కానీ, ఆ గది తప్ప వేరే చోటు నాకు తోచదు.

మాస్కు మీద వచ్చే ఫిర్యాదులలో కొన్ని నిజమైనవే. రోహిణి కార్తెలో మన ఎండలకు మూడు పొరల గుడ్డ ముఖాన కట్టుకోవడం శిక్ష. కళ్లజోడు మసకబారుతుంది. చెవుడు ఉన్నవారు పెదవులు చూసి మాట పోల్చుకుంటారు, వారికి ఎదుటివాడి మాస్కు గోడలాంటిది. మా దగ్గరికి వచ్చే అటువంటి ఒకామెకు నేను కాగితం మీద రాసి చూపించేవాణ్ణి. ఐదేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలకు తప్పనిసరి చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2020లోనే చెప్పాయి, అది సబబే. ఆక్సిజన్ తగ్గిపోతుందన్నది మాత్రం నిజం కాదు. ఆ మాట అన్నవారికి పల్స్ ఆక్సీమీటరు వేలికి పెట్టి, మాస్కుతోనే అరగంట కూర్చోబెట్టి మళ్లీ చూపించేవాణ్ణి. 98 ఉన్నది 98గానే ఉండేది. ఊపిరి బరువుగా ఉన్నట్లు అనిపించడం వేరు, ఆక్సిజన్ తగ్గడం వేరు.

గుడ్డ మాస్కుల గురించి ఒక మాట. 2020 ఏప్రిల్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు ఉచితంగా పంచుతామని ప్రకటించి, స్వయం సహాయక సంఘాల మహిళల చేత కుట్టించింది. మా వీధిలోనే మిషను తొక్కిన చప్పుడు రాత్రి పదింటిదాకా వినబడేది. బంగ్లాదేశ్ ఫలితం చూశాక అదంతా వృథా అనిపించవచ్చు. నేను అలా అనుకోను. మాస్కే దొరకని రోజున దగ్గేవాడి నోటికి రెండు పొరల గుడ్డ అడ్డం ఉండడం మేలే. అయితే మూడు నెలల తరువాత మంచి మాస్కులు చౌకగా దొరుకుతున్నప్పుడు కూడా, మార్చుకోమని ఎవరూ జనానికి చెప్పలేదు. దుకాణదారుణ్ణి కాబట్టి నేను చెబితే వ్యాపారం అనుకున్నారు.

మళ్లీ అటువంటి కాలం వస్తే మా షాపులో అట్టముక్క మీద ఏమి రాయాలో ఇప్పుడు నాకు తెలుసు. సరుకు లేకపోతే లేదనే రాస్తాను, అవసరం లేదని మాత్రం నోటితో అనను. బస్సులో, ఆసుపత్రి వరండాలో, కల్యాణ మండపంలో, మూసిన గదిలో మూడు పొరలదో, వీలైతే ఎన్-95దో సందు లేకుండా పెట్టుకోండని, పొలం గట్టు మీద, చెరువు కట్ట మీద ఒంటరిగా ఉన్నప్పుడు హాయిగా తీసేయండని చెబుతాను. అరవై దాటినవారికీ, షుగరు ఉన్నవారికీ ఇంకొంచెం గట్టిగా చెబుతాను. హెడ్మాస్టరు గారికి ఈ జవాబు పోయిన సంవత్సరం చెప్పాను. అంతా విని, "అయితే ఆ రోజు నీకు తెలియదని చెప్పి ఉండాల్సింది" అన్నారు. నిజమే.

ఇప్పుడు మాస్కు అడిగేవారు మళ్లీ పళ్ల డాక్టరు గారి కుర్రవాడూ, సున్నం వేయించేవాళ్లే. వెనక గదిలో మాత్రం 2021 జూన్‌లో జబ్బు తగ్గి లేవగానే గోడకు కంత కొట్టించి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాను. ఎదురుగా కిటికీకి జల్లి తలుపు వేయించాను, పిల్లి రాకుండా. ఫ్యాను పొద్దున తొమ్మిదింటి నుంచి షాపు మూసేదాకా తిరుగుతూనే ఉంటుంది. కరెంటు బిల్లు వచ్చినప్పుడల్లా మా ఆవిడ దాని వైపు ఒకసారి చూసి, ఇంకా అవసరమా అంటుంది.